మీరడిగారు: ఫిల్లీస్‌కు వయసు మీరిందా?

అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ పోటీ మేజర్ లీగ్‌లో ఆడే ఫిలడెల్ఫియా ఫిల్లీస్ మీద ఈమధ్య ఉత్తరాలు బాగా వస్తున్నాయి. పెన్సిల్వేనియా, న్యూజెర్సీల్లో పిల్లల దగ్గర ఆర్నెల్లు ఉండి వచ్చినవాళ్ళు బేస్‌బాల్ కూడా వెంట తెచ్చుకుంటున్నారు మరి. ఒకే రకం ప్రశ్నలను కలిపేశాం. డబ్బు లెక్కలన్నీ డాలర్లలోనే ఉన్నాయి.

మా అబ్బాయి ఫిలడెల్ఫియా దగ్గర ఉంటాడు. ఫోన్ చేసినప్పుడల్లా ‘మా టీం ముసలిదైపోయింది నాన్నా’ అంటాడు. 2025లో 96 మ్యాచులు గెలిచిన జట్టు ముసలిదెలా అవుతుంది?
— రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, మలక్‌పేట

మీ ఇద్దరి మాటా నిజమే. ఫిల్లీస్ 2022లో 87 మ్యాచులు గెలిచింది, ఆ తర్వాత 90, 95, 96. ఏటా మెరుగైంది. ప్లేఆఫ్స్ సంగతి చూస్తే కథ తిరగబడుతుంది. 2022లో వరల్డ్ సిరీస్ (లీగ్ ఫైనల్) దాకా వెళ్ళి హ్యూస్టన్ చేతిలో 4–2తో ఓడింది. 2023లో వరల్డ్ సిరీస్‌కు ఒక్క మెట్టు కింద, ఏడో మ్యాచులో అరిజోనా చేతిలో. 2024లో మెట్స్, 2025లో డాడ్జర్స్, రెండుసార్లూ ఇంకా ముందు రౌండులోనే 3–1తో ఇంటికి పంపేశాయి.

ఈ నాలుగేళ్ళూ జట్టును మోసింది దాదాపు అదే బృందం. 2026 సీజన్‌లో వాళ్ళ వయసులు చూడండి. బ్రైస్ హార్పర్‌కు 33, అక్టోబరులో 34 నిండుతాయి. ట్రే టర్నర్, కైల్ ష్వార్బర్, ఆరన్ నోలా ముగ్గురూ 1993లో పుట్టినవాళ్ళే, 33. క్యాచర్ (బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడు) జె.టి. రియల్‌మ్యూటోకు 35. పిచర్ (బంతి విసిరేవాడు) జాక్ వీలర్‌కు 36. రైట్ ఫీల్డ్ కోసం కొత్తగా ఒక్క ఏడాదికి కోటి డాలర్లిచ్చి తెచ్చుకున్న అడోలిస్ గార్సియా కూడా 1993 వాడే.

అలాగని వీళ్ళెవరూ ఆట మరిచిపోలేదు. 2025లో ష్వార్బర్ 56 హోమ్ రన్లు (మన సిక్సర్లలాంటివి) కొట్టాడు, టర్నర్ .304 సగటుతో నేషనల్ లీగ్ (మేజర్ లీగ్‌లోని రెండు భాగాల్లో ఒకటి) బ్యాటింగ్ టైటిల్ గెలిచాడు. కాబట్టి ‘ఈ ఏడాది బాగా ఆడతారా’ అనేది మాకు పెద్ద ప్రశ్నగా కనబడదు. ఆడతారు. అందరూ 35 దాటేసరికి 2028–29 అవుతుంది. అప్పటికి వీళ్ళలో ఎవరి కాంట్రాక్టు ఇంకా నడుస్తూ ఉంటుందో చూస్తే మీ అబ్బాయి బెంగ అర్థమవుతుంది.

వీలర్‌ది 2027తో ముగుస్తుంది, ఆ తర్వాత ఆడనని ఆయనే చెప్పేశాడు. రియల్‌మ్యూటోది 2028. నోలా, ష్వార్బర్‌లవి 2030. హార్పర్‌ది 2031. టర్నర్‌ది 2033, అప్పటికి ఆయనకు 40. ఇక డబ్బు: హార్పర్‌కు 13 ఏళ్ళకు 33 కోట్లు, టర్నర్‌కు 11 ఏళ్ళకు 30 కోట్లు, నోలాకు 7 ఏళ్ళకు 17.2 కోట్లు, ష్వార్బర్‌కు 5 ఏళ్ళకు 15 కోట్లు. ఏడాది సగటు తీస్తే వరసగా 2.54, 2.73, 2.46, 3 కోట్లు. నలుగురికీ కలిపి 10.7 కోట్లు. జట్టు జీతాలు మరీ పెరిగితే లీగ్ వేసే పన్ను లగ్జరీ ట్యాక్స్; 2026లో అది మొదలయ్యే హద్దు 24.4 కోట్లు. అంటే 2029లో 36, 37 ఏళ్ళు నిండే నలుగురికి, ఇప్పటి హద్దుతో పోల్చితే, 44 శాతం ముందే రాసిచ్చేసినట్టు. 26 మంది జట్టులో మిగతా 22 మందినీ మిగిలిన 56 శాతంలో సర్దాలి, లేదా పన్ను కట్టాలి.

ఇందులో పెద్దగా ఎవరూ మాట్లాడని చిక్కు ఇంకొకటుంది. బేస్‌బాల్‌లో కాళ్ళలో చురుకు తగ్గిన బ్యాటర్‌ను దాచుకోవడానికి రెండే చోట్లు: ఫస్ట్ బేస్, డీహెచ్. డీహెచ్ అంటే ఫీల్డింగ్ చెయ్యకుండా బ్యాటింగ్ మాత్రమే చేసేవాడు. హార్పర్ మోచేతి ఆపరేషన్ తర్వాత 2023లోనే అవుట్‌ఫీల్డ్ వదిలి ఫస్ట్ బేస్‌కు వచ్చేశాడు. ష్వార్బర్ డీహెచ్. ఇద్దరూ 2030 దాకా కదలరు. టర్నర్‌కు 36 వచ్చి షార్ట్‌స్టాప్‌లో (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య ఫీల్డింగ్ చోటు) రెండడుగులు ఆలస్యమవుతున్న రోజున ఆయన్ని ఎక్కడ నిలబెడతారు? సెకండ్ బేస్ కొన్నాళ్ళు ఆదుకోవచ్చు, లేదా లెఫ్ట్ ఫీల్డ్. వయసు కన్నా ముందు ఈ చోటు కరువే ఫిల్లీస్‌ను ఇబ్బంది పెడుతుందని మా అంచనా.

ఐపీఎల్‌లో లాగా పెద్దవాళ్ళను వదిలేసి కుర్రాళ్ళను కొనుక్కోవచ్చు కదా! సన్‌రైజర్స్ చేసింది అదేగా?
— ఇంజినీరింగ్ విద్యార్థి, తార్నాక

కుదరదు. ఐపీఎల్‌లో మెగా వేలం వచ్చినప్పుడు పలక తుడిచేస్తారు. 2025 సీజన్ వేలానికి ముందు ఒక్కో ఫ్రాంచైజీకి 120 కోట్ల రూపాయల పరిమితి పెట్టారు. సన్‌రైజర్స్ క్లాసెన్, కమిన్స్, అభిషేక్, హెడ్, నితీశ్‌లను 75 కోట్లకు అట్టిపెట్టుకుని మిగతా అందరినీ వేలానికి వదిలేసింది. వదిలేసినవాడికి ఆ తర్వాత పైసా బాకీ లేదు. మేజర్ లీగ్‌లో వేలమూ లేదు, పలక తుడవడమూ లేదు. సంతకం పెట్టిన కాంట్రాక్టు సొమ్ము ఆడినా ఆడకున్నా ఇవ్వాల్సిందే.

నిక్ కాస్టెయానోస్ ఉదంతం తాజాగా ఉంది. అయిదేళ్ళకు 10 కోట్లిచ్చారు. ఆఖరి ఏడాది 2026కు 2 కోట్లు బాకీ. ట్రేడ్ చేద్దామంటే, అంటే వేరే జట్టుకు ఇచ్చేద్దామంటే, ఎవరూ ముందుకు రాలేదు, చివరికి ఫిబ్రవరిలో విడుదల చేశారు. శాన్ డియేగో ఆయన్ని లీగ్ కనీస జీతానికి, అంటే 7.8 లక్షల డాలర్లకు తీసుకుంది. మిగతా కోటీ 92 లక్షలు ఫిల్లీసే భరిస్తోంది, వేరే జట్టుకు ఆడుతున్న మనిషికి! లగ్జరీ ట్యాక్స్ లెక్కలోనూ ఆయన పద్దు అలాగే ఉంటుంది.

ట్రేడ్‌కు ఇంకో అడ్డంకి, ఆటగాడి సమ్మతి. మేజర్ లీగ్‌లో పదేళ్ళు ఆడి, అందులో చివరి అయిదేళ్ళూ ఒకే జట్టులో ఉన్నవాడిని అతను ఒప్పుకోకుండా పంపలేరు. దీన్ని టెన్-ఫైవ్ హక్కు అంటారు. హార్పర్‌కు అదీ ఉంది, కాంట్రాక్టులో ప్రత్యేకంగా నో-ట్రేడ్ షరతూ ఉంది.

2011లో ఫిల్లీస్ 102 గెలిచి ఆ తర్వాత పదేళ్ళు కనపడకుండా పోయిందట. అప్పుడేం జరిగింది? ఇప్పుడూ అదే జరుగుతుందా?
— సైనిక్‌పురి పాఠకురాలు

ఈ వారం వచ్చిన వాటిలో మాకు నచ్చిన ప్రశ్న ఇది. కాస్త విడమరిచే చెప్తాం.

2008లో వరల్డ్ సిరీస్ గెలిచింది. 2009లో 93, 2010లో 97, 2011లో 102. రాయ్ హాలడే, క్లిఫ్ లీ, కోల్ హామెల్స్, రాయ్ ఓస్వాల్ట్ నలుగురూ ఒకే రొటేషన్‌లో (వంతులవారీగా మ్యాచులు మొదలుపెట్టే పిచర్ల బృందం) ఉన్న ఏడాది అది. అక్టోబరు 7న సెయింట్ లూయిస్‌తో నిర్ణాయక అయిదో మ్యాచు 1–0తో పోయింది. ఆఖరి అవుట్ ర్యాన్ హోవర్డ్‌ది. బంతి నేలమీదికి కొట్టి పరుగు తీస్తూ ఫస్ట్ బేస్ దారిలోనే కూలబడ్డాడు, ఎడమ మడమ వెనకున్న అకిలిస్ స్నాయువు (టెండన్) తెగింది. ఆయన కొత్త కాంట్రాక్టు, అయిదేళ్ళకు 12.5 కోట్లు, ఇంకా మొదలే కాలేదు. 2012లో మొదలవ్వాలి. 2010 ఏప్రిల్‌లోనే, ఫ్రీ ఏజెంట్ (ఏ జట్టుతోనైనా ఒప్పందం చేసుకోగలవాడు) కావడానికి ఇంకా ఏడాదిన్నర పైగా ఉండగానే, తొందరపడి రాసిచ్చారు. 2006లో 58 హోమ్ రన్లు కొట్టిన మనిషి 2012లో 71 మ్యాచుల్లో 14 కొట్టాడు.

అదొక్కటే అయితే జట్టు తట్టుకునేది. ఛేజ్ అట్లీ మోకాళ్ళ నొప్పితో 2012 సీజన్ మొదట్లో దిగలేకపోయాడు. హాలడే భుజం పాడై 2013 డిసెంబరులో రిటైరయ్యాడు. లీ మోచెయ్యి 2014 జులైలో చివరిసారిగా బంతి వేసింది. జిమ్మీ రోలిన్స్, అట్లీ, లీ ముగ్గురూ 1978లోనే పుట్టారు. హోవర్డ్ ఒక్క ఏడాది చిన్న. ఇలా ఒకే ఈడు వాళ్ళమీద కట్టిన జట్టు మెల్లగా అరగదు, రెండేళ్ళలో అన్ని మూలలా ఒకేసారి కుంగుతుంది. గెలుపులు 81, 73, 73, 2015లో 63.

వెనక నుంచి కుర్రాళ్ళు రాలేదా అంటే, ఉన్నవాళ్ళను అమ్మేశారు. హాలడే కోసం కైల్ డ్రాబెక్, ట్రావిస్ డార్నో, మైకేల్ టేలర్. హంటర్ పెన్స్ కోసం ఇంకో నలుగురు. పెన్స్‌ను తెచ్చిన ఏడాదికే శాన్ ఫ్రాన్సిస్కోకు పంపారు. ఇవ్వకపోయి ఉంటే ఆ కుర్రాళ్ళందరూ గొప్పవాళ్ళయ్యేవాళ్ళని కాదు, చాలామంది కాలేదు కూడా. కానీ చేతిలో ఏడెనిమిది మంది ఉంటే ఇద్దరు ముగ్గురు తేలతారు. ఎవరూ లేకపోతే ఎవరూ తేలరు.

ఇంకో పొరపాటు, అమ్మకం ఆలస్యం. రోలిన్స్‌ను 2014 డిసెంబరులో, హామెల్స్‌ను 2015 జులైలో, అట్లీని 2015 ఆగస్టులో పంపారు. 2012 జులైలో పెన్స్‌తో మొదలుపెట్టిన పని అక్కడే ఆగిపోయి ఉండకపోతే రావలసినంత వచ్చేది. హామెల్స్ ఒక్కడికే గిట్టుబాటు ధర పలికింది. అప్పుడు టెక్సస్ నుంచి వచ్చిన వాళ్ళలో హోర్హే అల్ఫారో అనే క్యాచర్ ఉన్నాడు. 2019 ఫిబ్రవరిలో అతన్ని, ఇంకో ఇద్దరిని మయామీకి ఇచ్చి రియల్‌మ్యూటోను తెచ్చారు. అంటే నేటి ముసలి జట్టులో క్యాచర్ నాటి ముసలి జట్టు అమ్మకంలోంచి వచ్చినవాడే.

మళ్ళీ అదే జరుగుతుందా? పూర్తిగా అలాగే జరగదు. తేడా పిచింగ్‌లో ఉంది. 1996 డిసెంబరులో పుట్టిన క్రిస్టఫర్ సాంచెస్ 2025లో ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు ఓటింగులో రెండో స్థానంలో నిలిచాడు. 2024లో అతనితో రాసుకున్న కాంట్రాక్టు నాలుగేళ్ళకు 2.25 కోట్లు, 2028 దాకా. ఆపైన రెండేళ్ళు జట్టు కావాలంటే పొడిగించుకోవచ్చు. నేటి ధరల్లో ఇది అప్పనంగా దొరికినట్టే. 2011 జట్టుకు ఇలాంటి చవక ఏస్ (మేటి పిచర్) లేడు.

చిన్నవాళ్ళలో ముగ్గురిని గుర్తుపెట్టుకోండి. సెంటర్ ఫీల్డర్ జస్టిన్ క్రాఫర్డ్, షార్ట్‌స్టాప్ ఎయిడన్ మిల్లర్, ఇద్దరూ 2004లో పుట్టారు. పిచర్ ఆండ్రూ పెయింటర్ 2003. క్రాఫర్డ్ వేగం అసాధారణం, కాకపోతే బంతిని నేలమీదికే ఎక్కువ కొడతాడు. పెయింటర్‌కు 2023 జులైలో మోచేతి లిగమెంటు మార్పిడి జరిగింది. 2025లో మేజర్ లీగ్‌కు ఒక్క మెట్టు కింద ఉండే ట్రిపుల్-ఏలో తడబడ్డాడు. ముగ్గురిలో ఇద్దరు నిలబడితే 2028 గండం గట్టెక్కుతుంది. ఒక్కడే నిలబడితే 2012 వాసన వస్తుంది.

రియల్‌మ్యూటోకు 35 ఏళ్ళకు మూడేళ్ళ కాంట్రాక్టా? క్యాచర్‌కు అంత వయసు ఎక్కువ కాదా?
— సాఫ్ట్‌బాల్ కోచ్, సికింద్రాబాద్

ఎక్కువే. 4.5 కోట్లకు, అంటే ఏడాదికి కోటిన్నరకు రావడంతో ధర తప్పుపట్టలేం. చిక్కంతా మోకాళ్ళతో. ఒక మ్యాచులో ఒక జట్టు పిచర్లందరూ కలిపి సుమారు 145 బంతులు వేస్తారు, ప్రతి బంతికీ క్యాచర్ గొంతుక్కూర్చోవాలి. 130 మ్యాచులు ఆడితే సీజన్‌కు దాదాపు 19 వేల సార్లు. రియల్‌మ్యూటోకు 2024 జూన్‌లో కుడి మోకాలి మెనిస్కస్ ఆపరేషన్ అయింది కూడా.

మీరు కోచ్ కాబట్టి పాప్ టైమ్ గమనించమంటాం. బంతి గ్లవ్‌లో పడ్డప్పటి నుంచి సెకండ్ బేస్ దగ్గర ఫీల్డర్ చేతికి చేరేదాకా పట్టే సమయం అది. మేజర్ లీగ్ సగటు 2 సెకన్లు. రియల్‌మ్యూటో ఏళ్ళ తరబడి సగటు కన్నా బాగా ముందున్నాడు. చెయ్యి మందగించే ముందు కాళ్ళు మందగిస్తాయి. విసురు వేగం అలాగే ఉండి పాప్ టైమ్ పెరుగుతోందంటే లేవడంలో ఆలస్యం, అంటే మోకాలో తుంటో అనుకోవాలి.

ఫిల్లీస్ మరో దారి మూసుకున్నది ఇక్కడే. 2025 జులై చివర్లో మినెసోటా నుంచి క్లోజర్ (ఆఖరి ఇన్నింగ్స్ వేసే పిచర్) జోయన్ డురాన్‌ను తెచ్చుకోవడానికి మిక్ ఏబెల్ అనే పిచర్‌తో పాటు 18 ఏళ్ళ ఎడ్వార్డో టైట్‌ను ఇచ్చేశారు. టైట్ క్యాచర్. రియల్‌మ్యూటో వారసుడిగా వాళ్ళు చూపించుకుంటూ వచ్చిన కుర్రాడు. డురాన్ లేకుండా నెగ్గలేమనుకున్నారు, తప్పులేదు. ఆ బేరం జరిగిన ఆర్నెల్లకు 35 ఏళ్ళ క్యాచర్‌కు మూడో ఏడాది కూడా ఇవ్వక తప్పలేదు.

వీలర్ భుజానికి పక్కటెముక తీసేశారని చదివాను. పిచర్ పక్కటెముకకీ భుజానికీ ఏమిటి సంబంధం? మళ్ళీ మునుపటిలా వేస్తాడా?
— ఫిజియోథెరపీ విద్యార్థిని, హిమాయత్‌నగర్

మెడ నుంచి చేతికి వెళ్ళే నరాలు, రక్తనాళాలు కాలర్ బోనుకూ మొదటి పక్కటెముకకూ మధ్య ఇరుకు సందులోంచి వెళతాయి. ఏళ్ళ తరబడి చెయ్యి తలపైకెత్తి విసిరేవాళ్ళలో అక్కడి కండరాలు పెరిగి సందు బిగుసుకుంటుంది. రక్తనాళం నలిగితే గడ్డ కడుతుంది. వీలర్‌కు 2025 ఆగస్టులో కనబడింది అదే. ముందు గడ్డ తీశారు, సెప్టెంబరులో మొదటి పక్కటెముక తీసి సందు వెడల్పు చేశారు.

రక్తనాళం నలిగిన రకంలో కోలుకునే అవకాశం, నరం నలిగిన రకంలో కన్నా మెరుగు. వీలర్‌ది మొదటిది కావడం కొంత ఊరట. అయినా 36 ఏళ్ళ భుజం. చూడాల్సినవి: ఫాస్ట్‌బాల్ వేగం మునుపటి 95–96 మైళ్ళకు చేరుతోందా, చేరితే అయిదో ఇన్నింగ్స్‌లో కూడా నిలుస్తోందా. మొదటి ఇన్నింగ్స్‌లో 96, అయిదులో 93 అయితే ఓపిక ఇంకా రాలేదని అర్థం. జట్టుకు ఇది మామూలు విషయం కాదు. వీలర్ ఏడాది జీతం 4.2 కోట్లు, పైగా రేంజర్ స్వారెస్ 13 కోట్లకు బోస్టన్ వెళ్ళిపోయాడు. నోలా 2025లో 17 మ్యాచుల్లో 6.01 ఈఆర్‌ఏతో (తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఇచ్చే సగటు పరుగులు) తేలాడు. సాంచెస్ తర్వాత లెక్కించుకోదగ్గ భుజాలు ఎన్నో మీరే వేళ్ళమీద చూసుకోవచ్చు.

26 మంది, 40 మంది, ఆప్షన్లు, డీఎఫ్‌ఏ... కామెంటరీలో ఈ మాటలు వచ్చినప్పుడల్లా తికమక. క్లుప్తంగా చెప్పండి.
— ఇద్దరు పాఠకులు, కూకట్‌పల్లి, ఉప్పల్

మ్యాచుకు అందుబాటులో ఉండేది 26 మంది, సెప్టెంబరులో 28. పిచర్లు 13 మందికి (సెప్టెంబరులో 14) మించకూడదు. జట్టు పేరు మీద నమోదై ఉండేది 40 మంది. ఆ మిగతా 14 మంది కింది స్థాయి మైనర్ లీగ్‌లోనో గాయాల జాబితాలోనో ఉంటారు. 40లో ఉన్నవాణ్ణి మూడు సీజన్ల పాటు, సీజన్‌కు అయిదుసార్ల దాకా, కిందికీ పైకీ తిప్పవచ్చు. ఆ మూడే ఆప్షన్లు. అవి అయిపోయాక కిందికి పంపాలంటే ముందు మిగతా 29 జట్లూ ‘మాకొద్దు’ అనాలి.

డీఎఫ్‌ఏ అంటే 40లోంచి పేరు కొట్టేసి ఏడు రోజుల గడువు పెట్టడం. ఆ లోపు ట్రేడ్ చెయ్యాలి, లేదా ఎవరైనా తీసుకోవాలి, లేదా మైనర్స్‌కు పంపాలి, లేదా విడుదల చెయ్యాలి. వయసు మీరిన జట్టుకు ఇది ఎందుకు సమస్యంటే, పెద్దవాళ్ళెవరికీ ఆప్షన్లు ఉండవు. ముప్ఫై అయిదేళ్ళవాడు రెండు వారాలు ఫామ్ కోల్పోతే కిందికి పంపి సరిచేసుకునే వీలులేదు. బెంచీ మీద కూర్చోబెట్టాలి లేదా ‘గాయం’ అనాలి. బ్యాటరైతే కనీసం 10 రోజులు, పిచరైతే 15.

జట్టు భవిష్యత్తు ఎవరో చెప్తే వినడం కాకుండా నేనే లెక్కవేసుకోవాలంటే ఎలా?
— ఐటీ ఉద్యోగి, మియాపూర్

ఒక ఎక్సెల్ షీటు చాలు. మొదటి వరసలో ఆటగాడి పేరు, పక్కన ఆ ఏడాది జులై 1 నాటికి వయసు (బేస్‌బాల్ లెక్కల్లో సీజన్ వయసు ఇలాగే తీస్తారు), కాంట్రాక్టు ఆఖరి ఏడాది, మొత్తాన్ని ఏళ్ళతో భాగిస్తే వచ్చే సగటు, ఆడే చోటు. చివరి గడిలో అదే చోటుకు మైనర్ లీగ్‌లో డబుల్-ఏ లేదా పైన ఉన్న కుర్రాడి పేరు. ఆ చివరి గడి ఖాళీగా ఉండి, వయసు గడిలో 33 దాటి ఉన్న వరసలకు ఎర్ర రంగు వెయ్యండి. ఎరుపు ఎక్కడ గుంపు కడుతుందో అక్కడ ప్రమాదం.

తర్వాత పన్ను. 2026లో హద్దు 24.4 కోట్లు, దాని పైన 2 కోట్లకొక మెట్టు: 26.4, 28.4, 30.4. ఫిల్లీస్ 2022 నుంచి ఏటా హద్దు దాటుతోంది కాబట్టి మొదటి మెట్టు నుంచే 50 శాతం కట్టాలి. పైమెట్లలో 62, 95, చివరికి 110 శాతం. అంటే 30.4 కోట్లు దాటాక రెండు కోట్ల పిచర్‌ను తెస్తే అతని జీతం కన్నా పన్నే ఎక్కువ, 2.2 కోట్లు. 28.4 దాటితే డ్రాఫ్ట్‌లో (కొత్త కుర్రాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట) తొలి పిక్ కూడా పది స్థానాలు కిందికి జారుతుంది. ముసలి జట్టుకు కుర్రాళ్ళు కావలసిన సమయంలోనే ఈ దెబ్బ.

చివరిగా ఆట. బేస్‌బాల్ సవాంట్ సైట్లో అంకెలన్నీ ఉచితం. ఏప్రిల్ బ్యాటింగ్ సగటు చూసి కంగారు పడకండి, దానికి అర్థమే లేదు. స్ప్రింట్ స్పీడ్ చూడండి. లీగ్ సగటు సెకనుకు 27 అడుగులు, టర్నర్ ఏళ్ళుగా 30 దగ్గర పరిగెత్తాడు. అది 28.5కు పడిన ఏడాది షార్ట్‌స్టాప్ గురించి మాట్లాడుకోవచ్చు. బ్యాటర్లకు బ్యాట్ వేగం కూడా నెలకోసారి రాసుకోండి. ఏడాదిలో ఒక మైలు తగ్గితే గమనించాలి, రెండు తగ్గితే వయసే. హోమ్ రన్లు ఆ తర్వాత సంవత్సరం తగ్గుతాయి.

2026 డిసెంబరులో లీగ్ ఆగిపోతుందంటున్నారు, నిజమా?
— అమీర్‌పేట పాఠకుడు

యజమానులకూ ఆటగాళ్ళ సంఘానికీ మధ్య ఒప్పందం 2026 డిసెంబరు 1తో ముగుస్తుంది. గతసారి ఒప్పందం ముగియగానే 2021 డిసెంబరు 2న లాకౌట్ పెట్టారు, 99 రోజులు నడిచింది. మ్యాచులేమీ పోలేదు. ఈసారి జీతాలకు గట్టి పరిమితి పెట్టాలన్న చర్చ ఉంది. దాన్ని సంఘం ఒప్పుకునే రకం కాదు, 1994లో వరల్డ్ సిరీస్ రద్దయ్యేదాకా సమ్మె చేసింది ఇదే విషయం మీద. పరిమితి వచ్చిందంటే ఫిల్లీస్ లాంటి దీర్ఘకాలపు కాంట్రాక్టుల జట్టుకు మినహాయింపులు ఎలా ఇస్తారన్నదే అసలు బేరం అవుతుంది.

ఫిల్లీస్ మ్యాచులు మన టైములో ఎప్పుడొస్తాయి?
— రెండు మూడు ఉత్తరాలు

వాళ్ళ ఊళ్ళో సాయంత్రం ఆరున్నర, ఏడు మధ్య మొదలయ్యే మ్యాచు మనకు తెల్లవారుజాము 4 నుంచి 4.30. ఆదివారం మధ్యాహ్నం 1.35 ఆట మనకు ఆదివారమే రాత్రి 11.05కు, ఉద్యోగస్తులకు అదే నయం. లాస్ ఏంజెలిస్‌లో ఆడితే ఉదయం 7.40 ప్రాంతంలో, మెట్రోలో ఫోన్ మీద చూసుకుంటూ వెళ్ళొచ్చు.

మేం గచ్చిబౌలి వైపు ఆఫీసుల వాళ్ళం, శనివారాలు కిరాయి గ్రౌండులో బేస్‌బాల్ ఆడతాం. 14 మందిమి. తొమ్మిది మందికి 40 దాటాయి. ప్రతి మ్యాచుకూ ఎవరో ఒకరికి తొడ పట్టేస్తోంది, ఉన్న ఒక్క పిచర్‌కు భుజం నొప్పి. మా జట్టు ఇంకెన్నాళ్ళు?
— జట్టు కెప్టెన్

చాలా ఏళ్ళు ఆడొచ్చు, కాకపోతే ఒక్క పిచర్‌తో కాదు. ముందు ఆయన్ని నాలుగు వారాలు ఆపండి. నొప్పి పూర్తిగా తగ్గాక 45 అడుగుల దూరం నుంచి 25 బంతులు, పది నిమిషాల విరామం, మళ్ళీ 25. రోజు విడిచి రోజు. రెండుసార్లు నొప్పి లేకుండా గడిస్తే 60 అడుగులకు, ఆపైన 90కి. ఆ తర్వాతే మౌండ్ (పిచర్ నిలబడే దిబ్బ). నొప్పి వస్తే ఒక మెట్టు వెనక్కి. మీ వయసుల్లో మ్యాచుకు 50 బంతులు చాలు, మధ్యలో కనీసం నాలుగు రోజులు విశ్రాంతి. మిగతా ఇన్నింగ్స్‌ల కోసం ఇంకో ముగ్గురిని తయారుచెయ్యండి. క్రికెట్లో బౌలింగ్ చేసేవాళ్ళే ముందు వస్తారు, కానీ బేస్‌బాల్ విసురులో మోచెయ్యి మడిచి తెరవాలి. బంతి బరువు 142–149 గ్రాములు, క్రికెట్ బంతి కన్నా కాస్త తేలికే. తేలికని మొదటి రోజే బలంగా విసిరేసి మోచెయ్యి పట్టుకుని కూర్చుంటారు.

తొడ పట్టేసేది దాదాపు ఎప్పుడూ ఒకే చోట: బంతి కొట్టి, నిలబడ్డ మనిషి ఒక్కసారిగా ఫస్ట్ బేస్‌కు 90 అడుగులు పరిగెత్తేటప్పుడు. డగౌట్‌లో అరగంట కూర్చుని లేచినవాడికి మరీను. బ్యాటింగ్‌కు ఇద్దరు ముందుండగానే లేచి, నాలుగైదు సార్లు 20 గజాలు వేగం పెంచుకుంటూ పరిగెత్తాలి. నిలబడి కండరాలు సాగదీసి ఊరుకోవడం సరిపోదు. ఏప్రిల్, మేల్లో ఆరింటికే మొదలుపెట్టి తొమ్మిదింటికి ముగించండి.

చోట్ల విషయానికొస్తే, ఉన్న అయిదుగురు చిన్నవాళ్ళను షార్ట్‌స్టాప్, సెంటర్ ఫీల్డ్, క్యాచర్, సెకండ్ బేస్‌లలో పెట్టి, అయిదోవాణ్ణి క్యాచర్‌కు మార్పుగా ఉంచండి. ఒకే మనిషిని ఏడు ఇన్నింగ్స్‌లూ గొంతుక్కూర్చోబెట్టొద్దు, నాలుగు చాలు. ఫస్ట్ బేస్ దగ్గర రెండు రంగుల జంట బేస్ వెయ్యండి: తెల్లది ఫీల్డర్‌కు, పక్కన ఫౌల్ గీత అవతల ఉన్న నారింజ రంగుది పరిగెత్తేవాడికి. దొరక్కపోతే మందపాటి రబ్బరు మ్యాట్ ఒకటి అదే కొలతకు, 15 అంగుళాలు, కత్తిరించి నేలకు గట్టిగా మేకులు దించి బిగించండి. మేకుల తలలు రబ్బరు లోపలికి దిగాయో లేదో ప్రతి మ్యాచుకు ముందు చెయ్యి పెట్టి చూడాలి.